మనం గెలిచాం, వాళ్ళు ఓడిపోయారు

2025 మే 21 రాత్రి. గడియారం లెక్కలో అప్పటికే 22. హైదరాబాద్‌లో పన్నెండున్నర అయ్యేసరికి స్పెయిన్‌లోని బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ మొదలైంది. మియాపూర్‌లో మా అయిదో అంతస్తు ఫ్లాట్‌లో నేను ఎర్ర జెర్సీ తొడుక్కుని, లైట్లార్పి, టీవీ గొంతు తగ్గించి, చాప మీద కూర్చున్నాను. సోఫా ఉండగా చాపెందుకంటారా? నెల క్రితం లియోన్ మీద 2-4తో వెనకబడి, ఎక్స్‌ట్రా టైమ్ ఆఖర్లో మూడు గోల్స్ కొట్టి 5-4తో నెగ్గిన రాత్రి నేను చాప మీదే ఉన్నాను. మాంచెస్టర్ యునైటెడ్ విజయాల వెనకున్న శాస్త్రీయ కారణాల్లో ఆ చాప ఒకటి.

మంచినీళ్ళ కోసం లేచిన అమ్మ హాల్లో చీకట్లో ఎర్ర చొక్కా చూసి జడుసుకుంది.

"ఎవర్రా ఆడేది?"

"మనమేనమ్మా. ఫైనల్!"

"మనమా? అందులో మనవాళ్ళెవరున్నార్రా?"

చూశాను. కామెరూన్ గోల్‌కీపరు, మొరాకో డిఫెండరు, బ్రెజిల్ కాసెమీరో, పోర్చుగల్ బ్రూనో, డెన్మార్క్ నుంచి ఇద్దరు, ఐవరీ కోస్ట్ నుంచి ఒకడు. ఇంగ్లండ్ వాళ్ళు కూడా ముగ్గురున్నారు, మొహమాటానికి పిలిచిన చుట్టాల్లాగా. మా తెనాలి వైపు నుంచి మాత్రం ఎవరూ లేరు. "అందరూ మనవాళ్ళేనమ్మా" అన్నాను. 42వ నిమిషంలో టోటెన్‌హామ్ ఒక గోల్ కొట్టింది. అది గోల్‌లా కూడా లేదు. ఇద్దరు ముగ్గురికి తగిలి, దారి తప్పిన ఆవుదూడ కొట్టంలోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళింది. ఆ ఒక్కదానితోనే 1-0. ఆట అయిపోయింది.

పొద్దున కాఫీ ఇస్తూ అమ్మ అడిగింది: "గెలిచారా?"

"వాళ్ళు ఓడిపోయారమ్మా."

"రాత్రి మనం అన్నావుగా!"

అభిమాన సోదరులారా, ఆ ఒక్క ప్రశ్నకు పదిహేడేళ్ళ నా భక్తి దగ్గర సమాధానం లేకపోయింది.

తెలుగువాడికి భాష ఒక వరమిచ్చింది. ఇంగ్లీషువాడికి ఒకే ఒక్క మాట ఉన్నచోట మనకు రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేము. మాట నోట్లోంచి రాగానే ఎవరు లోపల, ఎవరు వెలుపల అన్నది తేలిపోతుంది. ఇంత పదునైన పనిముట్టును ఫుట్‌బాల్ అభిమాని దేనికి వాడుతున్నాడో చూడండి. నెగ్గితే మనం. ఓడితే వాళ్ళు. డ్రా అయితే రెఫరీ. కొత్త ఆటగాణ్ణి తెస్తే "మనం కొన్నాం". వాడు ఆడకపోతే "వాళ్ళకు బుద్ధి లేదు". 2022లో ఆంటొనీ కోసం 95 మిలియన్ యూరోలు "మనం" పోశాం. అదే నెలలో నేను నా మోటారుసైకిల్ ఇన్సూరెన్సు కట్టడం వాయిదా వేశాను. చిన్నయసూరిగారు ఈ రోజుల్లో ఉండి ఉంటే తన వ్యాకరణంలో ఒక సూత్రం అదనంగా చేర్చేవారు: అభిమాని నోట మనం అనునది స్కోరును బట్టి వికల్పముగా నగు.

ఇంతకీ ఈ బంధుత్వం ఎలా కలిసింది? 2008లో అమీర్‌పేటలో జావా కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉండేవాణ్ణి. అప్పుడూ మే 21 రాత్రే. మాస్కోలో చాంపియన్స్ లీగ్ ఫైనల్. చెల్సీ కెప్టెన్ జాన్ టెర్రీ పెనాల్టీ తన్నబోయి వానలో జారాడు, యునైటెడ్ కప్పు ఎత్తింది. గదిలో ఉన్న ఎనిమిది మందిమీ తెల్లారేసరికి యునైటెడ్ వీరాభిమానులమైపోయాం. తాతలు ఇచ్చింది కాదు, పుట్టిన ఊరు ఇచ్చింది కాదు. గెలుస్తున్నవాడెవడో చూసుకుని వాడి పక్కన నిలబడ్డాం. ఎన్నికల ఫలితాల రాత్రి కండువా మార్చే కార్పొరేటర్‌కీ మాకూ తేడా ఏమిటంటే, ఆయనకు దానివల్ల ఏదో ఒకటి దక్కుతుంది. మరో మూడేళ్ళకు అదే హాస్టల్లో దిగిన బ్యాచ్ మొత్తం బార్సిలోనా అయింది. ఆ తర్వాతి బ్యాచ్‌లు మాంచెస్టర్ సిటీ.

పెళ్ళిచూపులకెళ్ళి జీతం అడిగినట్టు మేం కప్పులు లెక్కపెట్టి క్లబ్బును చేసుకున్నాం. తీరా కాపురం కుదురుకుంటున్న వేళ 2013లో సర్ అలెక్స్ ఫెర్గూసన్ రిటైరయ్యారు. ఆయన ఏలుబడిలో 13 లీగ్ టైటిళ్ళు. ఆ తర్వాతి పన్నెండేళ్ళలో సున్నా. మోయెస్ వచ్చాడు. ఆరేళ్ళకు కాంట్రాక్టు రాసిచ్చి పది నెలల్లో పంపేశారు. వాన్ గాల్, మొరీన్యో, సోల్షార్, టెన్ హాగ్, అమోరిమ్. ప్రతివాడూ వచ్చినప్పుడు "ఇతనే మన మనిషి" అన్నాం. పోయేటప్పుడు "ముందే చెప్పానా?" అన్నాం. కొత్త కోడలికీ పాత కోడలికీ మన ఇళ్ళల్లో దక్కే మర్యాదే కోచ్‌లకూ దక్కించాం.

బిల్బావో ఫైనల్ తర్వాతి ఆదివారం ఇంగ్లండ్ లీగ్ కూడా ముగిసింది. 38 మ్యాచ్‌లు, 18 ఓటములు, 42 పాయింట్లు, ఇరవై జట్లలో పదిహేనో స్థానం. 1974లో కింది డివిజన్‌కు పడిపోయిన తర్వాత ఇంత అడుగుకు ఎప్పుడూ దిగలేదు. సరిగ్గా ఆ వారమే మా వాడి ర్యాంకు వచ్చింది. వాడు చదివేది వేసవి సెలవుల్లో కూడా సెలవులివ్వని ఫౌండేషన్ బ్యాచ్. నలభై మందిలో పదిహేనోవాడు.

నేను ఇల్లు ఎగరగొట్టాను. పదిహేనా? ఇంత ఫీజు కడితే పదిహేనా? టీవీ బంద్, ఫోన్ బంద్!

వాడు తల కూడా ఎత్తకుండా అన్నాడు: "నాన్నా, ఇది ట్రాన్సిషన్ సీజన్."

"ఏంట్రా?"

"లెక్కల సార్ కొత్తాయన. ఆయన సిస్టమ్‌కి అలవాటు పడాలి. ఫెర్గూసన్‌కే మొదటి లీగ్ టైటిల్ రావడానికి ఆరున్నరేళ్ళు పట్టిందని మొన్న నువ్వే అన్నావుగా. పైగా నాది నలభైలో పదిహేను. మీవాళ్ళది ఇరవైలో."

వంటింట్లోంచి నా భార్య నవ్వు వినిపించింది. పదమూడేళ్ళ పిల్లాడికి ఒక వారం పరీక్షలో జారడానికి వీల్లేదు. ఏటా వందల మిలియన్ పౌండ్ల ఆదాయమున్న సంస్థకు మాత్రం పన్నెండేళ్ళ గడువు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెతను మా ఇంట్లో జెర్సీ తొడిగి తిప్పుతున్నాం.

సరే, నేను "మనం" అనుకుంటున్న ఆ క్లబ్బు నన్ను ఏమనుకుంటోంది? లెక్కలున్నాయి. 2012లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో షేరు 14 డాలర్ల చొప్పున అమ్మకానికి పెట్టినప్పుడు, ప్రపంచంలో తమకు 65.9 కోట్ల మంది అనుచరులున్నారని ఒక సర్వే చూపించి మరీ అమ్ముకున్నారు. అందులో మా హాస్టల్ గది ఎనిమిది మందిమీ ఉన్నాం. రైతు సంతలో బర్రెను అమ్ముతూ "దీని వెనక ఇన్ని దూడలు" అని చూపిస్తాడు చూడండి, ఆ దూడలం మేం. దూడ మాత్రం తనూ రైతూ కలిసి సంతకు వచ్చామనుకుంటోంది.

2005లో అమెరికా నుంచి గ్లేజర్ కుటుంబం ఈ క్లబ్బును సుమారు 79 కోట్ల పౌండ్లకు కొంది. అందులో సగానికి పైగా అప్పు. ఆ అప్పు ఎవరి నెత్తిన? క్లబ్బు నెత్తినే. తెలుగిళ్ళలో చెప్పుకునేలా చెబుతాను. అల్లుడు మామగారి ఇంటినే తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో ఆ ఇంటినే తన పేర కొనేసి, వడ్డీ మామగారి పెన్షన్‌లోంచి కట్టించాడు. పైగా పండక్కి వచ్చి కొత్త బట్టలేవని అడిగాడు, దాని పేరు డివిడెండ్. ఇరవై ఏళ్ళుగా ఆ మామగారి ఇంటికి వెల్ల కూడా వేయలేదు. 2024 మేలో ఆర్సెనల్‌తో మ్యాచ్ రోజు వాన పడితే ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పులోంచి నీళ్ళు జలపాతంలా దూకాయి. ప్రపంచమంతా వీడియో తీసింది. మా బ్యాచ్‌లో ఒకడు దాన్ని చూసి "మన స్టేడియం ఎంత అందంగా ఉందో" అని రాశాడు. భక్తి ముదిరితే గుడి కారినా తీర్థమే.

2024లో సర్ జిమ్ ర్యాట్‌క్లిఫ్ వచ్చారు. బ్రిటన్ మహా సంపన్నుల్లో ఒకరు. క్లబ్బులో నాలుగోవంతు పైచిలుకు వాటా కొని పొదుపు మొదలుపెట్టారు. తొలి విడత 250 మంది ఉద్యోగాలు. మరుసటి ఏడాది మరో రెండొందల దాకా అన్నారు. ఓల్డ్ ట్రాఫర్డ్ క్యాంటీన్‌లో సిబ్బందికి పెట్టే ఉచిత భోజనం ఎత్తేసి పండు చేతిలో పెడతామన్నారు. సీజన్ మధ్యలో మిగిలిన టికెట్ల కనీస ధర 66 పౌండ్లు చేశారు, మన డబ్బులో ఏడు వేలు. పిల్లలకు ఇవ్వలేదు, ముసలివాళ్ళకు ఇవ్వలేదు, ఎవరికీ రాయితీ ఇవ్వలేదు. మరి పొదుపు చేసిన ఈ చేతులే టెన్ హాగ్‌కు 2024 జులైలో కాంట్రాక్టు పొడిగించాయి, అక్టోబరులో ఉద్వాసన చెప్పాయి. స్పోర్టింగ్ డైరెక్టర్‌గా తెచ్చుకున్న డాన్ ఆష్‌వర్త్ అయిదు నెలలకే వెళ్ళిపోయాడు. వీళ్ళందర్నీ సాగనంపిన ఖర్చు 1.45 కోట్ల పౌండ్లు, నూటయాభై కోట్ల రూపాయల పైమాటే. వంటమనిషి జీతం కోసి అల్లుడికి వీడ్కోలు విందు పెట్టే జమీందారీ ఇదొక్కటే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆ పొదుపు రోజుల్లోనే మా ఆఫీసులో కాఫీ మెషీన్ తీసేశారు. నేను హెచ్చార్‌కు మూడు మెయిళ్ళు రాశాను. ఉద్యోగి గౌరవం గురించి రెండు పేరాలు. నలుగురి చేత సంతకాలు కూడా పెట్టించబోయాను. అదే వారం యునైటెడ్ క్యాంటీన్ వార్త వచ్చింది. దాని మీద నేను మిత్రులకు ఇచ్చిన ఉపన్యాసం ఇదీ: "ఖర్చు తగ్గించకపోతే కొత్త స్ట్రైకర్‌ను ఎలా కొంటాం? కఠిన నిర్ణయాలు తప్పవు." నా కాఫీ మానవ హక్కు. మాంచెస్టర్‌లో నాలాంటి గుమాస్తా తినే అన్నం మాత్రం దుబారా. యజమానికి ఇంతకంటే నమ్మకమైన నౌకరు దొరుకుతాడా? జీతం ఇవ్వనక్కర్లేదు. వాడే జెర్సీ కొనుక్కుంటాడు.

జెర్సీ అంటే గుర్తొచ్చింది. అసలుదైతే అయిదారు వేలు. నాది కోఠి సరుకు, నాలుగొందల యాభై. రెండు ఉతుకులకు ఎరుపు వెలిసి నారింజ రంగుకు దిగింది. వెనక పేరున్న ఆటగాడు కూడా అప్పటికే వేరే క్లబ్బుకు వెళ్ళాడు. నా విధేయత రంగు తగ్గింది గానీ కుట్టు ఊడలేదు.

ఇక్కడ మీరు నన్నొక మాట అడగాలి. మాంచెస్టర్‌లో పుట్టినవాళ్ళు కూడా ఇలాగే చాప మీద కూర్చుని సహించారా? లేదు. అక్కడే మాకు తల వంగుతుంది. ఆ క్లబ్బు 1878లో న్యూటన్ హీత్ రైల్వే కార్ఖానా కార్మికులు పెట్టుకున్నది. వాళ్ళ చొక్కాలు ఆకుపచ్చ, పసుపు. గ్లేజర్ల మీద కోపంతో జనం 2010లో ఎరుపు వదిలి ఆ పాత రంగుల కండువాలు కప్పుకుని స్టేడియానికి వచ్చారు. 2005లో క్లబ్బు చేతులు మారినప్పుడే కొందరు దండం పెట్టి బయటికి నడిచి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత జట్టు పెట్టుకున్నారు. సభ్యుడికి ఒక ఓటు, ఎంత డబ్బున్నా ఒకే ఓటు. 2021 ఏప్రిల్‌లో పన్నెండు పెద్ద క్లబ్బులు కలిసి సూపర్ లీగ్ అని తమకు తామే ఒక జమీను గీసుకుంటే, ఇంగ్లండ్ అభిమానులు రోడ్డెక్కారు. ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ రెండు రోజుల్లో తోక ముడిచాయి. ఆ మే 2న జనం ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలోకే చొరబడితే లివర్‌పూల్‌తో మ్యాచ్ వాయిదా వేయాల్సి వచ్చింది.

ఆ రోజు నేనేం చేశానో తెలుసా? మ్యాచ్ ఆగిపోయిందని ఆ జనాన్ని తిట్టాను. ఆదివారం రాత్రికి బిర్యానీ ఆర్డరు పెట్టి కూర్చున్నానండీ, అన్యాయం కదా!

వాళ్ళ మనం వాళ్ళకు ఖర్చవుతుంది. నాది ఉచితం. అందుకే ఎక్కువ వాడతాను.

రోజువారీ బతుకులో ఈ మనం ఎటు పోతుందో కూడా చెప్పాలి. యునైటెడ్ బోర్డులో ఎవరి వాటా ఎంతో నాకు దశాంశాలతో సహా తెలుసు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు అధ్యక్షుడెవరో తెలియదు. వేసవిలో ట్యాంకరు నీళ్ళకు నెలకెంత పోస్తున్నామో, ఆ కాంట్రాక్టు ఎవరి బావమరిదిదో తెలియదు. మీటింగ్‌కు రమ్మంటే "వాళ్ళు ఏదో చేసుకుంటార్లే" అన్నాను. చూశారా, నీళ్ళ సంపు దగ్గరికొచ్చేసరికి వాళ్ళు. 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో ఓటేసినవాళ్ళు సగం మంది కూడా లేరు. మిగతా సగంలో నేనూ ఉన్నాను. సెలవిచ్చారు కదా అని నిద్రపోయాను. రోడ్డు మీద గొయ్యి పడితే తప్పించుకుని పోతాను. మిడ్‌ఫీల్డ్‌లో గొయ్యి ఉందని మాత్రం రాత్రి రెండింటికి బొమ్మ గీసి చూపిస్తాను.

ఇది నా ఒక్కడి రోగం అనుకుని ఆర్సెనల్, లివర్‌పూల్, చెల్సీ సోదరులు నవ్వుకోనక్కర్లేదు. చొక్కా రంగు తేడా తప్ప జబ్బు ఒకటే.

ఇక అసలు పుండు దగ్గరికి వద్దాం.

ఈ ఊరికి ఫుట్‌బాల్ చెప్పింది ఇంగ్లండ్ టీవీ కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం అని హైదరాబాద్ బడిపంతులొకాయన ఉండేవారు. ఆయన దిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్ళి 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. ఆయనే కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియా నుంచి అంతదూరం వెళ్ళిన మొదటి జట్టు అదే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. అప్పటికే ఆయనను క్యాన్సర్ తింటోంది. మరుసటి ఏడాది పోయారు. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ పిల్లాడు. ఫెర్గూసన్ నమిలే చూయింగ్‌గమ్ గురించి మాట్లాడే నాకు రహీం పేరు ఎప్పుడు తెలిసింది? 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చాక. అదీ అజయ్ దేవగణ్ నటించాడని.

సరే, పాతదంటారా? కొత్తది వినండి. 2019లో పుణె జట్టు చేతులెత్తేస్తే దాని స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. మా ఇంటి నుంచి అరగంట. తొలి ఏడాది ఆఖరు స్థానం. మూడో ఏడాది, 2022 మార్చి 20న, గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టేడియం నిండా వాళ్ళ పసుపు చొక్కాలే. 88వ నిమిషం దాకా మన ఊరు వెనకబడే ఉంది. సాహిల్ టవోరా గాల్లో ఉన్న బంతిని అలాగే కొడితే స్కోరు సమమైంది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని ఆపాడు. 3-1. హైదరాబాద్ దేశానికి చాంపియన్.

ఆ రాత్రి యునైటెడ్‌కు మ్యాచ్ కూడా లేదు. నేను చాప మీద బోర్లా పడుకుని, యునైటెడ్‌కు రాబోయే కోచ్ ఎవరన్న పుకార్లు చదువుతున్నాను.

ఇంగ్లండ్‌లో ఒక నియమముంది. శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్‌లు అక్కడ టీవీలో చూపించరు, 1960ల నుంచీ అంతే. పెద్ద జట్ల ఆట ఇంట్లో కూర్చుని చూస్తే చిన్న ఊళ్ళ మైదానాలకు జనం రారని భయం. ఆ మ్యాచ్‌లు ఇంగ్లండ్‌వాడికి కనిపించవు, నాకు కనిపిస్తాయి. మన గడియారంలో ఏడున్నరకో ఎనిమిదిన్నరకో. గచ్చిబౌలిలో ఆట మొదలయ్యేదీ చాలాసార్లు ఏడున్నరకే. వాళ్ళ చిన్న క్లబ్బులను వాళ్ళు దేన్నుంచి కాపాడుకున్నారో, సరిగ్గా దానితోనే నేను నా ఊరి క్లబ్బును ఎండబెట్టాను.

తర్వాతి కథ చిన్నది. 2023-24కు వచ్చేసరికి జీతాలు అందక విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే పెట్టె సర్దుకున్నారు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, అట్టడుగు స్థానం. తర్వాత యాజమాన్యం మారింది. 2025 చివర్లో జట్టు ఢిల్లీ వెళ్ళిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మార్చుకుని. అంతకుముందు ఢిల్లీలో ఉండిన జట్టు 2019లో ఒడిశాకు తరలిపోయింది. అంటే పుణెది ఇక్కడికి, ఢిల్లీది భువనేశ్వర్‌కి, ఇక్కడిది ఢిల్లీకి. ఇవి క్లబ్బులా, బదిలీల సీజన్‌లో గ్రామీణ బ్యాంకు మేనేజర్లా? వంటపాత్రలు లారీకెక్కించి, గ్యాస్ కనెక్షన్ అప్పజెప్పి వెళ్ళిపోవడమేనా?

లండన్‌లో వింబుల్డన్ అని ఒక పేట ఉంది. ఆ పేట క్లబ్బును యజమానులు 90 కిలోమీటర్ల అవతలున్న మిల్టన్ కీన్స్‌కు తీసుకుపోతామంటే, 2002లో అధికారులు సరేనన్నారు. జనం ఏడ్చి ఊరుకోలేదు. నెల తిరిగేసరికి పార్కులో ఆటగాళ్ళకు ట్రయల్స్ పెట్టి సొంత జట్టు కట్టారు. ఎంతో కింది అంచెలో మొదలుపెట్టి తొమ్మిదేళ్ళలో ఫుట్‌బాల్ లీగ్‌కు ఎక్కారు. 2020లో తమ పేటలోనే సొంత స్టేడియం తెరిచారు. వాళ్ళ క్లబ్బు పోయింది 90 కిలోమీటర్లు. మనది పదిహేను వందలు. మనం ట్రయల్స్ పెట్టలేదు, ధర్నా చేయలేదు, కనీసం ఒక పూట భోజనం మానలేదు. బదిలీ అయిన బ్యాంకు మేనేజరుకైనా శాలువా కప్పి పంపుతాం.

ఆ వార్త పేపర్లో అమ్మే చదివింది, కళ్ళజోడు సర్దుకుంటూ.

"హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు ఢిల్లీకి పోయిందటరా. మనకు జట్టుండేదా?"

"ఉండేదమ్మా."

"ఎప్పుడైనా గెలిచిందా?"

"2022లో దేశానికే ఫస్టు."

"చూడ్డానికి వెళ్ళావా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

అమ్మ పేపరు మడిచి టీపాయ్ మీద పెట్టింది. "ఎవరు పంపేశార్రా మరి?" అంది.

వాళ్ళు అందామనుకున్నాను. యజమానులున్నారు, ఫెడరేషన్ ఉంది, లెక్కల్లో నష్టాలున్నాయి. వాళ్ళ తప్పు లేదని ఎవరూ అనరు. కానీ గచ్చిబౌలిలో ఖాళీగా పడి ఉన్న కుర్చీ వాళ్ళది కాదు. అది నాది. పదిహేడేళ్ళలో మొదటిసారి వ్యాకరణం తప్పకుండా వాడాల్సిన చోటు దొరికింది.

"మనమేనమ్మా" అన్నాను.

యునైటెడ్‌ను మానేయమని నేను ఎవరికీ చెప్పను. నేనూ మానను. చాప అక్కడే ఉంది. ఒక్క విన్నపం. ఈ నగరంలో ఇంకా జట్లున్నాయి. ఐ-లీగ్‌లో వరసగా రెండేళ్ళు రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్ ఈ ఊరిదే. అదీ దూరమైతే, మీ పేటలో ఏ బడి మైదానంలోనో, గంటకు వెయ్యి పోసి అద్దెకు తీసుకున్న టర్ఫ్ మీదనో, పొద్దున్నే బంతి తన్నుతున్న పిల్లలుంటారు. ఈ ఆదివారం ఒక గంట వెళ్ళి గీత పక్కన నిలబడండి. వాళ్ళు ఓడిపోయినా సరే, ఇంటికొచ్చి "మనం ఓడిపోయాం" అని చెప్పండి.